వెర్నీ కింద మంచు కోసినవాడు

తెరెంతి ఒకోనేష్నికోవ్ ప్రతి ఉదయం పొయ్యి రాజేయగానే మొదటి అట్టులోంచి ఓ ముక్క తుంచి, వెన్న రాసి నిప్పుకు పెట్టేవాడు. తరువాత మూలనున్న క్రీస్తు పటం వైపు తిరిగి సిలువ గీసుకునేవాడు. నిప్పుకెందుకు ముందు, దేవుడికెందుకు తరువాత అని చర్చి పూజారి ఒకసారి నిలదీస్తే, "నిప్పుకు ఆకలెక్కువ అయ్యగారూ, దేవుడు కాస్త ఓర్చుకుంటాడు" అన్నాడట. పూజారి నవ్వి వదిలేశాడు. ఆ పనయ్యాక గొడ్డలి పట్టుకుని పక్కింటికి వెళ్లేవాడు. అక్కడ చూపు ఆనని మార్ఫా ముసలమ్మ ఒంటరిగా ఉండేది. ఆమె గుమ్మం ముందు పేర్చిన నది మంచుదిమ్మల్లో ఒకదాన్ని పగలగొట్టి, ఆ రోజు నీళ్లకు సరిపడా ముక్కలు బానలో వేసి వచ్చేవాడు. ఆమె ఏనాడూ మంచిమాట అనలేదు. "నిన్నటి ముక్కలు కొండల్లా ఉన్నాయి. కరిగేసరికి మధ్యాహ్నమైంది" అని సణిగేది. మర్నాడు ఆయన చిన్నవి చేసేవాడు.

లేనా నది ఒడ్డున తాలఖ్ రేవులో ఆయన గొంతు పెంచగా విన్నామని ఎవరూ చెప్పరు. కుక్కను అదిలించడం కూడా ఆయనకు సరిగా చేతనయ్యేది కాదు. అలాంటి మనిషికి దేవుడిచ్చిన బతుకు మాత్రం మొదటి నుంచీ దెబ్బలదే.

ఆయనకు పదకొండేళ్లప్పుడు తండ్రి నికీఫర్ 'వెర్నీ' అనే ఆవిరి పడవలో కొలిమికి కట్టెలు వేసేవాడు. వెర్నీ అంటే నమ్మకస్తుడు. రెండు పక్కలా ఇంటి ఎత్తు చక్రాలతో, నల్లటి పొగగొట్టంతో ఆ పడవ నది పొడవునా ఉప్పూ పిండీ మనుషులనూ మోసేది. యుద్ధం ముగిసిన రెండో వేసవిలో, కట్టెల రేవు దగ్గర ఆగివుండగా బాయిలరు మీది ఆవిరి గొట్టం పగిలింది. పగిలిన చప్పుడు ఊరంతా వినబడింది. దాని వెనకే వచ్చిన కేకా వినబడింది. నికీఫర్‌ను పైకి మోసుకొచ్చి చొక్కా విప్పబోతే, చొక్కాతో పాటే వీపు తోలు ఊడివచ్చింది. రెండు రోజులు బతికాడు. రెండు రోజులూ చల్లటి నీళ్లు పోయమని అరిచాడు. పోస్తే ఇంకా అరిచాడు. ఐదేళ్ల తమ్ముడు రొదియోన్ మంచం కింద దూరి చెవులు మూసుకుని పడుకున్నాడు. తెరెంతి రొట్టెముక్క మంచం కిందికి తోసేవాడు. కాసేపటికి అది అలాగే వెనక్కి వచ్చేది.

మట్టిచేసిన రోజున తల్లి ఫియోక్లా శ్మశానం నుంచి ఇంటికి రాలేదు. గొడ్డలి పట్టుకుని తిన్నగా రేవుకు నడిచింది. వెర్నీ చక్రం మీద కప్పిన చెక్కల మీద మూడు దెబ్బలు వేసింది. నాలుగో దెబ్బకు గొడ్డలి లోపలికి దిగబడిపోయింది. పనివాళ్లు ఆపబోతే కెప్టెన్ టోపీ తీసి, "ఎవరూ ముట్టుకోకండి. కొట్టమ్మా, నీ కడుపుమంట తీరేదాకా కొట్టు" అన్నాడు. దిగబడిన గొడ్డలిని తనే ఊడబెరికి ఆమె చేతికిచ్చాడు. ఆమె ఇక కొట్టలేదు. అక్కడే చతికిలబడి ఏడ్చింది. మరుసటి ఏడు నది తెరుచుకోగానే అదే కెప్టెన్ ఆమెను పడవలో వంటమనిషిగా పెట్టుకున్నాడు. పిల్లలిద్దరూ ఆ వంటగదిలోనే పెరిగారు.

అన్నదమ్ములు ఇద్దరూ అక్కడే రెండు దారులయ్యారు. తెరెంతికి గుర్తుండిపోయింది చేపల పులుసు వాసన, పనివాళ్లు తమ గిన్నెల్లోంచి తీసి తన గిన్నెలో వేసిన ముక్కలు. రొదియోన్‌కు గుర్తుండిపోయింది గోడ అవతల బాయిలరు బుసలు. అది బుసకొట్టినప్పుడల్లా వాడు పక్క తడిపేవాడు. ఆ తడిగుడ్డ తల్లి చూడకముందే అన్న నదిలో జాడించి ఆరేసేవాడు.

పదహారో ఏట తెరెంతి మంచు కోతలో చేరాడు. పడవ అడుగు బాగుచేయడానికి మా వైపు ఎవరూ దాన్ని గట్టెక్కించరు. ఆ పని చలి చేసిపెడుతుంది. పాయలో పడవ గడ్డకట్టాక దాని పక్కన గునపంతో జానెడు లోతు చెక్కి ఆగాలి. పలచబడిన చోట చలి మరింత కిందికి దిగి, అడుగున కొత్త మంచు కడుతుంది. మూడు నాలుగు రోజులకు మళ్లీ జానెడు. ఇలా చలికాలమంతా కోసుకుంటూ పోతే పడవ కింద మనిషి దూరి పనిచేసేంత గుంట అవుతుంది. చుట్టూ నది ఉంటుంది, కిందా నదే ఉంటుంది, లోపల మాత్రం చుక్క నీరుండదు. తొందరపడి బెత్తెడు ఎక్కువ చెక్కినవాడి మీదికి నది లేచి వస్తుంది. తెరెంతి ఎదుటే అలా ఇద్దరు పోయారు. వాళ్లలో ఒకడిని మంచుతో సహా దిమ్మలా కోసి బయటికి తీయాల్సివచ్చింది. అప్పుడు కోతగాళ్లు నలభైమంది ఉండేవారు. తమ్ముడికి పని నేర్పింది తెరెంతే. నేర్చినవాడు నేర్పినవాణ్ణి మించాడు. గునపం మొనతో తట్టి, అడుగున ఎన్ని వేళ్ల మందం ఉందో రొదియోన్ చెబితే తప్పేది కాదు.

తొంభైల్లో మరమ్మతుల యార్డు మూతపడింది. కోతగాళ్లు తలోదిక్కూ పోయారు. రొదియోన్ గ్యాసు మంటతో పాత పడవలు కోసి తుక్కు కింద పంపే పనిలోకి దిగాడు. పాయలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే ముక్కలై వెళ్లిపోయాయి. చివరికి వెర్నీ ఒక్కటే మిగిలింది. దాని అడుగు రేకు అరచేయంత అరచేయంత చోట్ల తుప్పుతిని జల్లెడైంది.

ఇవాళ వెర్నీ తాలఖ్ గట్టు మీద ఉంది. చూడవచ్చినవాళ్లు ఎడమ చక్రం దగ్గర ఆగి, నీటిని తోసే పలకలన్నీ పాతవైతే ఈ మూడే ఎందుకు కొత్తగా ఉన్నాయని అడుగుతారు. చెప్పాల్సింది ఆ చలికాలం సంగతే.

బళ్లో చరిత్ర చెప్పే వర్వారా టీచరమ్మ రెండేళ్లు కాగితాలు పట్టుకుని తిరిగి, జిల్లా పెద్దల చేత ఒక మాట అనిపించింది. మే నెలలో నది పగిలేలోపు అడుగు చిల్లులకు అతుకులు పడితే, వరద మీద వెర్నీని గట్టు మీదికి లాగి మ్యూజియం చేసుకోవచ్చు. పడకపోతే పడవ తుక్కువాళ్లది. మా నది పగలడమంటే మామూలు సంగతి కాదు. ఎనిమిది నెలలు రాయిలా పడివున్నది ఒక్క పూటలో లేస్తుంది. ఒక ఏడు గుడిసెలంత గడ్డలు పాయలోకి తోసుకొచ్చి రెండు ఇనుప బల్లకట్లను కాగితాల్లా మడిచి, గట్టునున్న స్నానాలగదిని కాపలావాడితో సహా తుడిచిపెట్టాయి. చిల్లుల అడుగుతో వెర్నీ ఆ దెబ్బకు నిలవదు.

"ఈ పని చేయగలిగినవాళ్లు ఇద్దరే ఉన్నారు బాబాయ్" అంది టీచరమ్మ. "ఒకళ్లు మీరు. రెండోవాళ్లను నేను అడగలేను."

"రెండోవాణ్ణి అడగొద్దమ్మా. వాడు పడవనే కోయనూ కోస్తాడు, కాల్చనూ కాలుస్తాడు" అన్నాడు తెరెంతి.

నవంబరులో మొదలుపెట్టాడు. అరవయ్యేళ్ల మనిషి, ఒక్కడే. మాట ఊరంతా తెలిసింది. గుంట అంచున ఒకరోజు పాలు పోసిన టీ ఫ్లాస్కు కనబడేది, ఒకరోజు గుడ్డలో చుట్టిన వేడి రొట్టె. ఎవరు పెట్టారో ఆయన ఎప్పుడూ అడగలేదు. ఖాళీ ఫ్లాస్కును మంచుతో తోమి అక్కడే పెట్టేవాడు. ఫిబ్రవరి నడిమికి గుంట ఆయన తలను మించిన లోతైంది. ఎడమ చక్రం కింది సగం మంచులోంచి బయటపడింది. అది తిరగకుండా రెండు దుంగలు ఆనించాడు. ఆ చక్రం పలకలు తొమ్మిది పదుల ఏళ్ల కిందటివి. ఒక్కటీ మార్చలేదు. నది మొత్తం మీద అలాంటి చక్రం మరొకటి లేదని టీచరమ్మ అందరికీ చెప్పుకునేది. ఇంకో రెండు పొరలు కోస్తే వెల్డింగు చేసేవాళ్లు దిగొచ్చు.

ఆ మధ్యాహ్నం రొదియోన్ వచ్చాడు. గుంట అంచున నిలబడ్డాడు.

"అన్నా, పైకి రా. మాట్లాడాలి."

"మాట్లాడాలంటే నువ్వే దిగు. నాకు పనుంది."

నిచ్చెన దిగి వచ్చాడు. అలవాటు పోలేదు. దిగగానే మూలనున్న గునపం అందుకుని అడుగున తట్టి చూశాడు. "నాలుగు వేళ్ల మందం. ఇవాళ ముట్టుకోకు" అన్నాడు.

"నాకు తెలుసులే."

"తెలిస్తే ఈ వయసులో ఇక్కడెందుకు దేకుతున్నావు? ముక్కు తోలు ఊడింది. మోకాళ్లు పోయాయి. ఆ టీచరమ్మ ఏమిస్తుంది నీకు? బడిపిల్లల చేత పాట పాడిస్తుందా?"

"పాడిస్తే వింటా."

"నవ్వుతావేం? మేలో పట్నం తుక్కువాళ్లు వస్తారు. ముందే చెప్పాను వాళ్లకి. మిగతాది ఎవరైనా కోసుకోండి, ఆ బాయిలరు మాత్రం నేనే కోస్తానని. దాన్ని ఎవరికీ ఇవ్వను. నా చేత్తోనే ముక్కలు చెయ్యాలి."

తెరెంతి గునపం గోడకు ఆనించాడు. "దాని తిండి తిని పెరిగాంరా మనం."

"నాన్న తోలు ఊడబెరికిన తిండి అది! అమ్మ గొడ్డలి పెట్టింది గుర్తుందా? నీకు పులుసే గుర్తుంటుంది. నాన్న పీనుగ మీద కూర్చుని పులుసు తాగినవాడివి నువ్వు!"

ఆ మాట అననైతే అన్నాడు. తెరెంతి బతుకులో మొదటిసారి మనిషి మీద చెయ్యెత్తాడు. పిడికిలి తగిలి రొదియోన్ పెదవి చిట్లింది. కారిన నెత్తురు గడ్డం చేరేలోపే గడ్డకట్టింది. వాడు నోరు తుడుచుకోలేదు. తలతో అన్న రొమ్ము మీద కుమ్మాడు. తెరెంతి వెల్లకిలా చక్రానికి కొట్టుకుని పడ్డాడు. లేచి తమ్ముడి మెడ పట్టుకున్నాడు. ఇద్దరూ ముసలివాళ్లే. ఇద్దరూ తోలుకోట్లలో ఎలుగుల్లా పెనుగులాడారు. మోచేతులతో పొడుచుకున్నారు. ఒకరి తలను ఒకరు ఇనుప రేకుకేసి మోదుకున్నారు. వాళ్ల కాళ్లు తగిలి ఒక దుంగ జారిపోయింది. ఇద్దరిలో ఎవరూ చూడలేదు.

రొదియోన్ విడిపించుకుని గునపం అందుకున్నాడు. "ఇప్పుడే చేస్తా దీని పని!" అని పడవ అడుగును పొడవబోయాడు. తెరెంతి వాడి నడుం పట్టి లాగాడు. గునపం రేకును తప్పి, వాడి బలమంతా మోసుకుంటూ కిందికి దిగింది. నాలుగు వేళ్ల మందమే ఉందని తనే కొలిచిన చోట.

ఆ చప్పుడు ఇద్దరికీ తెలుసు. ఒక్క క్షణం ఇద్దరూ కదల్లేదు.

"అయ్యో" అన్నాడు రొదియోన్ చిన్నగా, చిన్నపిల్లాడిలా.

నీళ్లు నల్లగా, మనిషి నడుం లావున పైకి లేచాయి. లేచిన చోటల్లా మంచు పలకలు పలకలుగా విరిగింది. గుంటంతా తెల్లటి ఆవిరి కమ్మింది. నీటి తోపుకు రెండో దుంగ కూడా ఎగిరిపోయింది. వెర్నీ ఎడమ చక్రం ముప్పయ్యేళ్ల తరువాత మొదటిసారి పావువంతు తిరిగి ఆగింది. ఆగినప్పుడు దాని పలకలకూ మంచుగోడకూ మధ్య రొదియోన్ కాలు తొడదాకా ఇరుక్కుని ఉంది. వాడి కేక అచ్చం తండ్రి కేకలాగే ఉంది.

తెరెంతి అప్పటికే నిచ్చెన మీద సగం ఎక్కాడు. నీళ్లొస్తే ముందు ఎక్కాలన్నది కోతగాళ్లకు ఒంట్లో ఇంకిపోయిన పాఠం. కేక విని వెనక్కి చూశాడు. నీళ్లు తమ్ముడి నడుం దాటాయి. ఆయన దిగాడు. కాలు పట్టి లాగితే రాలేదు. చక్రాన్ని భుజంతో నెట్టితే అది ఏమీ పట్టనట్టే నిలబడింది. గోడను చెక్కే సమయం లేదు. పలకలు నరకాలి.

నిచ్చెనకు తగిలించిన గొడ్డలి అందుకుని ఎత్తాడు. ఎత్తి ఆగాడు. రెప్పపాటే ఆగాడు. రొదియోన్ అది చూశాడు.

"ఏంటన్నా, చూస్తున్నావు? పలకలు ముద్దొస్తున్నాయా?" అన్నాడు పళ్లు టకటకలాడుతూ. "పో. ఎక్కు. నేనే కదా పొడిచింది."

"నోర్ముయ్యి" అన్నాడు తెరెంతి.

తడిసిన తోలు తొడుగుల్లో గొడ్డలి జారిపోతోంది. తొడుగులు పళ్లతో లాగి పారేశాడు. తడిచేతులు గొడ్డలి ఇనుప మెడకు అతుక్కున్నాయి. మొదటి పలక ఐదు దెబ్బలకు విరిగింది. ఆ కలప వందేళ్లకు దగ్గరపడి రాయిలా ఉంది, దెబ్బ దెబ్బకూ గంటలా మోగింది. రెండో పలకకు అరచేతి తోలు గొడ్డలికి అంటుకుని వచ్చేసింది. ఆయన ఆగలేదు. నీళ్లు రొదియోన్ గడ్డం అందుకున్నాయి. మూడో పలకను నీళ్లలో కనబడకుండానే నరికాడు. దాని కింది ఇనుప చువ్వను గొడ్డలి వెనకవైపుతో బాది వంచాడు. నరుకుతున్నంతసేపూ పైకే ప్రార్థన చేశాడు. అది దేవుడితో అన్నాడో, చక్రంతో అన్నాడో, "మన్నించు, మన్నించు" అన్న మాట ఒక్కటే రొదియోన్‌కు వినబడింది.

కాలు ఊడింది. ఇద్దరూ నిచ్చెన మీద ఎలా పడ్డారో ఇద్దరికీ గుర్తులేదు. పైన నలభై ఎనిమిది డిగ్రీల చలి. బట్టలు ఒంటి మీదే రేకుల్లా బిగుసుకున్నాయి. గట్టు మీదికి టీ ఫ్లాస్కు తెస్తున్న పాలమ్మే ఆవిడ వాళ్లను చూసి, బండి మీది గడ్డకట్టిన పాలదిమ్మలన్నీ మంచులోకి దొర్లించేసి ఇద్దరినీ ఎక్కించి గుర్రాన్ని పరుగెత్తించింది. ఊళ్లో ఆడవాళ్లు గొడ్డళ్లతోనే బట్టలు చీల్చి తీశారు. మార్ఫా ముసలమ్మ తన గొర్రెతోలు దుప్పటి తడుముకుంటూ తెచ్చి తెరెంతి మీద కప్పి, "ఇవాళ నా ముక్కలు బాగానే చేశాడు పాపం" అని కళ్లొత్తుకుంది.

రొదియోన్ తొడ ఎముక విరగలేదు. కాలి వేళ్లు రెండు పోయాయి, అంతే. జిల్లా ఆసుపత్రిలో తెరెంతికి కుడిచేతి వేళ్లు నాలుగూ, ఎడమచేతివి మూడూ తీసేశారు.

వర్వారా టీచరమ్మ చూడవచ్చింది. పలకల మాట ఎత్తలేదు. చెంచాతో ఆయనకు పులుసు తాగించింది. ఆయనే అడిగాడు.

"గుంట ఎలా ఉందమ్మా?"

"అంచుదాకా నిండి గడ్డకట్టింది బాబాయ్. చిల్లుల్లోంచి పడవలోకీ వెళ్లింది. నిన్న పడవ మూలిగింది. లోపలి మంచు బిగిసి రేకును నొక్కుతోందట." ఆమె చెంచాను గిన్నెలో వదిలేసింది. "పోనీలెండి. మీరు బతికారు. నాకది చాలు."

ఆయన కిటికీ మీది మంచు పూలను చూస్తూ వేళ్లు లేని చేత్తో రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. గట్టి చలి ఇంకా నలభై రోజులుంటుంది. నలభై రోజులు చాలు, చేయి తెలిసినవాడైతే.

రొదియోన్ ఎనిమిది రోజులుగా నడవాలోనే ఉన్నాడు. కర్ర పట్టుకుని తలుపుదాకా వస్తాడు, మళ్లీ వెళ్లిపోతాడు. నర్సులకు చీపురు పట్టుకుని ఊడ్చిపెట్టాడు, పక్కగది ముసలాయనకు గడ్డం గీశాడు. ఈ గదిలోకి మాత్రం రాలేదు. తొమ్మిదో రోజు తెరెంతే పిలిచాడు.

"ఒరేయ్, తలుపు దగ్గర చలిగాలి వస్తోంది. లోపలికైనా రా, వేసైనా పో."

వచ్చాడు. మంచం అంచున కూర్చున్నాడు. దుప్పటి మీదున్న కట్ల చేతుల వైపు చూడలేక నేల చూశాడు.

"నీ ముక్కు ఊడలేదు చూడు, నాకంటే అందంగా ఉన్నావు" అన్నాడు తెరెంతి.

రొదియోన్ నవ్వబోయాడు, రాలేదు. "నన్ను తిట్టన్నా. కాస్త తిట్టు. టీచరమ్మ కూడా తిట్టదు, కాలు ఎలా ఉందని అడుగుతుంది. ఊళ్లో పాలు కూడా పోస్తున్నారు నాకు." మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "గొట్టం చప్పుడు ఇంకా వినిపిస్తుంది నాకు. యాభై ఏళ్లైనా వినిపిస్తుంది. అది పోతే నాకు నిద్రపడుతుందనుకున్నా."

తెరెంతి కట్టు కట్టిన చేతిని మెల్లిగా జరిపి తమ్ముడి మోకాలి మీద పెట్టాడు. ఆ బరువుకు రొదియోన్ ఒళ్లంతా ఉలిక్కిపడింది.

"పడవను మన్నించమనట్లేదురా" అన్నాడు. "నాన్న చావు మరిచిపొమ్మనీ అనట్లేదు. నీకు ఎలా ఉంటే అలాగే ఉండు. పని మధ్యలో ఆగిపోయింది, అదీ నా బాధ. నాకో సాయం చెయ్యి. నీ రెండు చేతులూ నలభై రోజులు నాకియ్యి."